పోగు మాంసం, కుండెడు కూర

పల్లెల్లో యాటను కోసి పోగులు వేసిన రోజులు చూసినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. మోదుగాకుల మీద వరసగా పెట్టిన ప్రతి పోగులోనూ మెత్తటి కండ కొంత, బొక్కలు కొన్ని, కార్జం ముక్క ఒకటి, బోటి కాస్త ఉండేవి. ఏరుకోవడం ఉండేది కాదు. ఎవరి పోగు వాళ్లు పట్టుకుపోయేవారు. అది ఇంటిల్లిపాదికీ సరిపోవాలి, సమయానికి చుట్టం దిగితే ఆయనకూ ఒక ముక్క పడాలి. అందుకే ఆ మాంసంలో సొరకాయ పడేది, దోసకాయ పడేది, గోంగూర పడేది, పప్పు పడేది. పోగు చిన్నది, కుండ పెద్దది.

ఇది లేమి నేర్పిన వంట. లేమి గొప్పదని నేను అనను. పిల్లలకు ముక్కలన్నీ వేసి తల్లి పులుసుతో సరిపెట్టుకున్న ఇళ్లు మనకు తెలుసు. కానీ ఆ లేమిలోంచి పుట్టిన పనితనం మాత్రం గొప్పదే. దాన్ని ఇప్పుడు, చేతిలో డబ్బున్న రోజుల్లో, కావాలని మళ్లీ నేర్చుకోవాలన్నది నా మాట. ఆదివారం పొద్దున మటన్ కొట్టు దగ్గర నిలబడితే కిలో, కిలోన్నర తప్ప మాట వినబడదు. బొక్కలు వద్దు, కొవ్వు వద్దు, మెత్తటి ముక్కలే కావాలి. కిలో ఎనిమిది వందలు దాటినా వరస తగ్గలేదు. ఇంటికి తెచ్చాక అందులో కూరగాయ వేస్తే 'ఇదేంటి, మాంసంలో సొరకాయేంటి' అనే పిల్లలు తయారయ్యారు. మన కంచంలో మాంసం పెరిగినంత మేరా కూరగాయ, పప్పు వెనక్కి జరిగాయి.

తగ్గించాలని ఎందుకంటున్నానో చెబుతాను. గొర్రె, మేక, ఆవు, గేదె నెమరు వేసే జీవాలు. వాటి పొట్టలోని మొదటి అరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడతాయి. మనిషి అరిగించుకోలేని గడ్డి పాలుగా, మాంసంగా మారేది ఆ పులియబెట్టడం వల్లనే. అక్కడే మీథేన్ పుడుతుంది, ఎక్కువ భాగం త్రేన్పులతో బయటికొస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే ఈ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 27, 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్ల దాకా వేడిని పట్టి ఉంచుతుంది. మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో దాదాపు 12 శాతం పశుపోషణ నుంచేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో లెక్క కట్టింది. నాకు ఆశ కలిగించేదీ ఈ వాయువే. మీథేన్ గాలిలో నిలిచేది సుమారు పన్నెండేళ్లు. కార్బన్ డయాక్సైడ్‌లా తరతరాలు ఉండిపోదు. ఇవాళ తగ్గిస్తే ఆ మేలు మన పిల్లలు పెద్దయ్యేలోపే కనబడుతుంది.

ఏ కూర ఎంత బరువన్నది 2018లో జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని 38 వేలకు పైగా వ్యవసాయ క్షేత్రాల వివరాలు చూసి తేల్చారు. ప్రపంచ సగటున కిలో గొర్రె మాంసం వెనక దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులుంటాయి. కోడి మాంసానికి పది, గుడ్లకు ఐదులోపు, పప్పులకు ఒకటి రెండు. మాంసం కోసమే పెంచే పశువుల బీఫ్ అయితే వంద దగ్గరికి పోతుంది. మన గొర్రెలు చేలల్లో కోతలయ్యాక మిగిలిన మోళ్లు, గట్ల మీది గడ్డి మేసి బతికేవి కదా, వాటికీ ఇదే లెక్కా అని మా ఊరి కురుమలు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. వాటి కోసం ఎవరూ అడవి నరకలేదు, రాత్రి మంద తోలితే చేనుకు ఎరువు కూడా. అయితే ముదురు గడ్డి తిని నెమ్మదిగా పెరిగే జీవం ఎక్కువ కాలం బతుకుతుంది, అన్నాళ్లూ త్రేన్చుతూనే ఉంటుంది. కాబట్టి బయలు మేత వల్ల మీథేన్ లెక్క చెరిగిపోదు. 2019 పశుగణనలో తెలంగాణ 1 కోటి 90 లక్షల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ మందల వెనక బతుకులున్నాయి, అవి ఉండాలి. కురుమ గొల్లల జీవనం నిలబడేలా తినడం వేరు, వారంలో నాలుగు రోజులు కిలోలకు కిలోలు తెచ్చుకోవడం వేరు.

2019లో వచ్చిన ఈట్-లాన్సెట్ నివేదిక, 16 దేశాలకు చెందిన 37 మంది శాస్త్రవేత్తలు కలిసి రాసింది, మనిషి ఆరోగ్యానికీ భూమి ఆరోగ్యానికీ కుదిరే తిండి ఎంతో అంకెల్లో చెప్పింది. గొర్రె, మేక, గొడ్డు, పంది మాంసాలన్నీ కలిపి మనిషికి రోజుకు 14 గ్రాములు. అంటే వారానికి వంద గ్రాములు. నలుగురున్న ఇంటికి వారానికి నాలుగు వందల గ్రాములు. ఆ అంకె చూడగానే నాకు మోదుగాకు మీది పోగే గుర్తొచ్చింది.

నాలుగు వందల గ్రాములతో నలుగురికి తృప్తిగా ఎలా వండాలన్నదే ఇక మిగిలిన పని. దానికి మన దగ్గర ఉన్నన్ని దారులు ఎక్కడా లేవు.

మా అత్తమ్మ దాల్చాతో మొదలుపెడతాను. ఇది హైదరాబాద్ ముస్లిం ఇళ్ల వంట. బగారా అన్నంతో పాటు తెలంగాణ పెళ్లి పందిళ్లలోకి వచ్చి మన వంటే అయిపోయింది. పావుకిలో శనగపప్పు, అందులో గుప్పెడు కందిపప్పు, ముందే నానబెట్టుకోవాలి. మాంసం పావుకిలో చాలు, అదీ బొక్కలది. మెడ, పక్కటెముకలు, నల్లి బొక్క. 'రుచంతా బొక్కలల్లనే ఉంటది బిడ్డా' అనేది అత్తమ్మ. ఉల్లిగడ్డ బాగా ఎర్రబడ్డాక అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ధనియాల పొడి వేసి బొక్కలను నూనెలో కదుపుతూ ఉండాలి. నీరంతా ఇగిరి, బొక్కల చుట్టూ నూనె తేలేదాకా ఓపిక పట్టాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. మాంసం ఎక్కువున్న కూరలో ఈ వేపుడు తక్కువైనా చెల్లిపోతుంది, తక్కువున్న కూరలో చెల్లదు. ఆ కొద్ది మాంసం తన రుచినంతా నూనెలోకి దించాలి, ఆ నూనె పప్పంతా పట్టాలి. తర్వాత నీళ్లు పోసి మెత్తగా ఉడికించాలి. పప్పు వేరే ఉడికించి సగం మెదిపి, సగం పలుకుగా ఉంచి కలపాలి. సొరకాయ పెద్ద పెద్ద ముక్కలు కోసి అప్పుడు వేయాలి, చిన్నవైతే కరిగి కనబడకుండా పోతాయి. చింతపండు పులుసు మాత్రం చివర్లోనే. పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపున్నా ఉడకదు. దించాక ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకు పోపు. పావుకిలో మాంసంతో ఆరుగురు తింటారు. ఎవరికీ ముక్క తక్కువైందన్న దిగులుండదు, ఎందుకంటే సొరకాయ ముక్క నోట్లో పెట్టుకున్నా నల్లి రసమే తగులుతుంది.

గోంగూర, చింతచిగురు చేసేదీ ఇదే పని. పులుపు మాంసపు రుచిని మొత్తం ఆకుకు పంచుతుంది. ఎండాకాలం చింతచిగురు లేతగా దొరికినన్నాళ్లు పావుకిలో మాంసానికి అంతకు రెండింతల చిగురు వేసినా నష్టం లేదు. కోస్తావాళ్ల చేతిలో గుప్పెడు ఎండు రొయ్యలు ఇంకా పెద్ద పని చేస్తాయి. తల, కాళ్లు తీసి పొడి మూకుట్లో వేయించి సొరకాయలోనో, మామిడికాయలోనో, వంకాయలోనో వేస్తే వీధి చివరిదాకా వాసన. వీటన్నిట్లో మాంసం, చేప దినుసులే, కంచం నింపేది మాత్రం కూర, పప్పు. పోషణకూ ఇది మంచి పొత్తు. పప్పులో, ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి తొందరగా పట్టదు. అదే భోజనంలో కొద్దిగా మాంసమో చేపో ఉంటే ఆ ఇనుము ఎక్కువగా పడుతుంది. పోగు మాంసాన్ని పప్పులో వేసిన తల్లులకు ఈ శాస్త్రం ఎవరూ చెప్పలేదు.

ఇనుము మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారు. నెలకు ఒకసారి కూర వండుకునే ఇంటికి, గర్భిణికి, ఎదిగే పిల్లకు 'మాంసం తగ్గించు' అని చెప్పడం అన్యాయం. వాళ్లకు ఇంకా కావాలి, గుడ్డయినా కావాలి. నేను మాట్లాడుతున్నది వారంలో మూడు నాలుగు రోజులు కిలో చొప్పున తెచ్చుకునే మా బోటి ఇళ్ల గురించి.

ఇంకో సంగతి. మన దేశంలో మాంసం వద్దనే మాట ఎవరి నోటి నుంచి ఎవరి కంచం మీదికి వస్తుందో చూడాలి. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ పెట్టుకుంటే ఎంత గొడవైందో మరిచిపోలేదు. తిండిని బట్టి మనిషికి ఎక్కువ తక్కువలు కట్టిన చరిత్ర మనది. వాతావరణం పేరు చెప్పి ఆ పాత మడినే మళ్లీ తెచ్చి పెడితే నేను ఒప్పుకోను. లెక్క కూడా ఒప్పుకోదు. మన దేశంలో ఆవులు, గేదెలు కలిపి 30 కోట్లకు పైనే. వ్యవసాయ రంగం నుంచి వెలువడే వాయువుల్లో సగానికి పైగా ఇలా నెమరు వేసే జీవాల త్రేన్పులదే. వీటిని మనం పెంచేది ముఖ్యంగా పాల కోసం. ఇక్కడ పెద్దకూరగా అమ్మేది చాలావరకు పాలు ఉడిగిన గేదెలదీ, దున్నలదీ. కాబట్టి ఆ మీథేన్‌లో పెద్ద వాటా పాలకు, నెయ్యికి, పనీరుకు పోతుంది. కిలో పనీరు కావాలంటే ఐదారు లీటర్ల పాలు విరగాలి, లీటరు పాల వెనక మూడు కిలోల వాయువులుంటాయి. అంటే కోడికూర మానేసి పనీరు బటర్ మసాలా తిన్నవాళ్లు భూమికి చేసిన మేలేమీ లేదు. దాని బదులు పప్పు తింటే ఉంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నల్లరేగళ్లలో కంది వేర్లకుండే బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి, యూరియా బస్తా మిగులుతుంది. మన ప్రాంతంలో వాతావరణానికి ఇంతకంటే నమ్మకమైన చుట్టం లేదు.

డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు మొన్న ఫోన్‌లో అడిగాడు. 'చిన్నమ్మా, ఇక్కడ మేక మాంసం ఆస్ట్రేలియా నుంచి గడ్డకట్టి ఓడల వస్తది. అదంత దూరం నుంచి తెచ్చుకునే బదులు ఇక్కడి బీఫ్ తింటేనే పర్యావరణానికి మంచిదా?' అని. కాదు నాయనా అన్నాను. తిండి విషయంలో దూరం లెక్క చిన్నది, ఏ జీవమన్నది పెద్దది. అమెరికాలో సగటు మనిషి ఏడాదికి వంద కిలోలకు పైగా మాంసం తింటాడు. అక్కడికి వెళ్లిన మన పిల్లలూ ఆ సగటు వైపే జరుగుతున్నారు. అసలు తగ్గించాల్సింది వాళ్లు. అత్తమ్మ దాల్చా కొలతలు వాడికి రాసి పంపాను.

ఇంతకూ మన దగ్గర మాంసం కుప్పలుగా పోయేది వంటింట్లో కాదు, ఫంక్షన్ హాళ్లలో. 2022లో ప్రపంచమంతా కలిసి 105 కోట్ల టన్నుల తిండి పారేసిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెప్పింది. ఆ అంకె కళ్లకు కట్టాలంటే ఏ దావత్ అయినా అయిపోయాక హాలు వెనక ప్లేట్లు వేసే డబ్బాల దగ్గర కాసేపు నిలబడితే చాలు. సగం కొరికిన మటన్ ముక్కలు, ముట్టని కోడి కాళ్లు. మాఘంలో మా మరిది కూతురి పెళ్లి. వంట మాస్టరు జాబితా రాసుకొచ్చాడు. మటన్ కూర, మటన్ ఫ్రై, బోటి, కోడికూర, చికెన్ ఫ్రై, చేపలు. ఫ్రైలు రెండూ తీసేసి, మంచి దాల్చా పెట్టి, బఫే బదులు బంతులు వేసి అడిగి వడ్డిద్దామన్నాను. 'వదినా, మగపెళ్లివాళ్ల ముందు ఇజ్జత్ పోతది' అన్నాడు మరిది. నిజంగా అడ్డం వచ్చేది ఈ ఇజ్జతే. రుచి కాదు, ఆకలి కాదు. చాలాసేపు మాటలయ్యాయి. చికెన్ ఫ్రై పోయింది, చేపలు పోయాయి. మటన్ ఫ్రై మీద ఇంకా తేలలేదు. దాల్చాకు మాస్టరు ఒప్పుకున్నాడు, మటన్‌కు కోసిన పొట్టేళ్ల బొక్కలే దానికి వాడతానన్నాడు. బంతి వడ్డనకు మరిది సరేనన్నాడు. బోటి మాత్రం ఉండాల్సిందే అన్నాడు. ఉండనీ అన్నాను, కోసిన జీవంలో ఏదీ పారేయకుండా వండే వంట అదే కదా. పెళ్లయ్యాక ఆ డబ్బాల్లో ఎంత మిగిలిందో చూసి ఇక్కడే రాస్తాను.