చేపల కొట్టతని లెక్క

కల్లావి వంటి ఊళ్ల నుంచి పిల్లలను వెంటబెట్టుకుని కృష్ణగిరికో హోసూరుకో రంగుచేపల కోసం వెళ్లేవాళ్లకు కంటికి నచ్చిందల్లా కావాలి. మంచి కొట్టతను మాత్రం ముందు అడుగుతాడు: "తొట్టి ఎన్ని లీటర్లన్నా? లోపల ఏమున్నాయి?"

పెద్ద సిక్లిడ్ ఉందంటే నియాన్ టెట్రాలు అమ్మడు. నోట్లో పట్టే చేప తోడు కాదు, మేత. టైగర్ బార్బులు రెండు చాలంటే ఒప్పుకోడు, ఎనిమిదైనా ఉండాలంటాడు. బేరం పెంచుకోవడానికే కాదు (కొంత అదీ ఉందనుకోండి). గుంపు పెద్దదైతే తమలో తాము కీచులాడుకుంటాయి. తక్కువైతే ఏంజెల్, గప్పీల రెక్కలూ తోకలూ కొరుకుతాయి.

అతని అసలు నేర్పు మిస్ కేరళ దగ్గర తెలుస్తుంది. పడమటి కనుమల ఏటిచేప అది. 1865లో ఫ్రాన్సిస్ డే దానికి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టాడు. ఎర్రచారకు ఎవరైనా పడిపోతారు. కానీ 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పొడవాటి తొట్టి, పారే చల్లనీళ్లు కావాలి. చిన్నతొట్టివాళ్లకు దాన్ని అమ్మననే కొట్టతనంటే నాకు గౌరవం.

కొంచెం పొగరున్న చేపల మధ్య జెయింట్ డానియోల గుంపు నెగ్గుకొస్తుంది, చురుకు ఎక్కువ. తొట్టికి మూత మాత్రం తప్పదు, ఎగిరి బయటికి దూకేస్తాయి.