ఉమ్మడి కారణాంకం – తెలుగు బీజగణిత పరిభాష: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: బీజీయ సమాసాల గరిష్ఠ సామాన్య భాజకాన్ని (గ.సా.భా.) బోధించే తెలుగు పరిభాషను భాషాదృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఏ పదం అర్థాన్ని అందిస్తోందో, ఏ పదం అడ్డుపడుతోందో ఇది చర్చిస్తుంది.

కీలకపదాలు: పరిభాష, కారణాంక విభజన, అపవర్తనం, సమాసం, ద్విభాషా పాఠ్యపుస్తకం.

1. ప్రవేశిక

తిరుపతి జిల్లాలోని సూళ్లూరుపేట రెండు విధాల సరిహద్దు పట్టణం. దక్షిణాన తడ దాటితే తమిళనాడు. తూర్పున పులికాట్ సరస్సు మీదుగా వెళ్తే, 1971 నుంచి రాకెట్ల ప్రయోగాలు జరుగుతున్న శ్రీహరికోట. ఒకవైపు మరో భాష, మరోవైపు గణితంపై ఆధారపడిన శాస్త్రలోకం. అక్కడి ప్రభుత్వ పాఠశాల విద్యార్థి చేతిలో ఇప్పుడున్నది ద్విభాషా పుస్తకం. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వీటిని దశలవారీగా ప్రవేశపెట్టింది. తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురుగా ఉన్నప్పుడు అర్థం కాని పుటను చదువరి దాటవేస్తాడు. తెలుగు పుట నిలవాలంటే అందులోని పరిభాష అర్థాన్ని మోయగలగాలి. కారణాంక విభజన పాఠం ఈ పరిశీలనకు తగిన ఉదాహరణ.

2. పూర్వ పరిభాష

తొమ్మిదో శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో భిన్నాల సంకలనం కోసం హారాల కనిష్ఠ సామాన్య గుణిజాన్ని ‘నిరుద్ధం’ అన్నాడు. హారాల ఉమ్మడి కారణాంకాలను, వాటితో భాగించగా వచ్చిన లబ్ధాలను గుణిస్తే నిరుద్ధం వస్తుంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన పద్యరూపంలో తెలుగు చేశాడు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు రెండు రాశులను పరస్పరం భాగిస్తూ పోగా, సున్నాకు ముందు మిగిలే శేషాన్ని ‘అపవర్తనం’ అన్నాడు. దానితో భాగించగా వచ్చే రాశులు ‘దృఢాలు’, అంటే ఇక కుదించడానికి వీలులేనివి. ఈ పేర్లు క్రియను, దాని ఫలితాన్ని సూచిస్తాయి. నేటి ‘గరిష్ఠ సామాన్య భాజకం’ లక్షణాన్ని మాత్రమే చెబుతుంది; ఏం చేయాలో చెప్పదు.

3. ‘గరిష్ఠం’ దేనిలో?

12అ²క, 18అక³ అనే ఏకపదులను తీసుకుందాం. ఇక్కడ అ, క చరరాశులు. గుణకాల గ.సా.భా. 6. రెండింటిలోనూ ఉన్న చరరాశుల కనిష్ఠ ఘాతాలు అ, క. కాబట్టి గ.సా.భా. 6అక. గరిష్ఠాన్ని వెతకమన్న పాఠమే కనిష్ఠ ఘాతాంకాన్ని ఎంచుకోమంటుంది. ఇది వైరుధ్యం కాదు. రెండు పదాలనూ భాగించేది ఏదీ వాటిలోని చిన్న ఘాతాన్ని మించలేదు. ఆ హద్దులో అత్యధికమైనదే గరిష్ఠం. అయితే ఆ మాట దేనిలో గరిష్ఠమో తనంతట తాను చెప్పదు. సంఖ్యల విషయంలో అది విలువకు సంబంధించినది. సమాసాల విషయంలో ఘాతాంకానికి సంబంధించినది. అ విలువ 1/2 అయితే అ² విలువ 1/4 మాత్రమే. ఘాతం పెరిగింది, విలువ తగ్గింది. సంఖ్యల నుంచి సమాసాలకు మారేటప్పుడు ఈ అర్థభేదాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పకపోతే, లోపం విద్యార్థిది కాదు, పరిభాషది.

4. సామాన్యం, ఉమ్మడి, సమాసం

నేటి వ్యవహారంలో ‘సామాన్యం’ అనగానే సాధారణం అనే అర్థం ముందుకు వస్తుంది. ‘ఉమ్మడి’కి ఆ చిక్కు లేదు. ఉమ్మడి కుటుంబం, ఉమ్మడి గోడ ఎరిగిన పిల్లలకు ఉమ్మడి కారణాంకం కొత్త కాదు. తడకు అవతల తమిళ వాచకం దీనిని ‘మీప్పెరు పొదు వగుత్తి’ అంటుంది. అందులోని ‘పొదు’ ఇంట్లో, వీధిలో వినిపించే మాటే. ఇది సంస్కృత పదాల నిరాకరణ కాదు. ‘సజాతి పదాలు’ వంటి పరిభాష స్పష్టంగానే ఉంది.

‘సమాసం’ సంగతి వేరు. ‘సీతకు, రామునికి, లక్ష్మణునికి’ అన్నదానిని ‘సీతారామలక్ష్మణులకు’ అన్నప్పుడు ప్రతి పదం వెంట ఉన్న విభక్తి ఒక్కసారే నిలిచి అందరికీ వర్తిస్తుంది. 12అ²క + 18అక³ను 6అక(2అ + 3క²)గా రాయడంలోనూ ఇదే పొదుపు. విభక్తి చేరిక గుణకారం కాదు కనుక ఈ పోలిక నిరూపణ కాదు, ప్రవేశద్వారం మాత్రమే. కానీ వ్యాకరణంలో విడివిడిగా ఉన్న రూపం విగ్రహవాక్యం, కలిసినది సమాసం. బీజగణితం రెండు రూపాలనూ సమాసమే అంటుంది. ఒకే పాఠశాలలో ఒకే పదానికి రెండు అర్థాలు నడుస్తున్నా, ఒక తరగతిలో చెప్పినది మరొక తరగతిలో ప్రస్తావనకు రాదు.

5. ముగింపు

ఇంగ్లీషు పదాలు నేరుగా నేర్పితే ఈ చిక్కు ఉండదన్న వాదన ఉంది. ‘కామన్’, ‘ఫ్యాక్టర్’ కూడా వివరణ కోరే మాటలే. భాష మారినంత మాత్రాన భావన అందదు. గణిత పరిభాషను గణితజ్ఞులకే వదిలి తెలుగు శాఖలు కావ్యానికే పరిమితం కావడం మల్లన వారసత్వానికి తగదు. ‘ఉమ్మడి’ని ప్రధాన పదంగా స్థిరపరచడం, ‘గరిష్ఠం’ అర్థభేదాన్ని పాఠంలోనే చెప్పడం, ‘సమాసం’ రెండు అర్థాలను పోల్చి చూపడం తక్షణం చేయదగిన పనులు. ఇవి జరగకపోతే ద్విభాషా పుస్తకంలో తెలుగు పుట అచ్చులో ఉంటుంది కానీ చదువులో ఉండదు.