కంటిలో పాప

కంట్లో శుక్లాలు తీయించుకునేవాళ్ల కోసం ఈ మధ్య ఒక కరపత్రం తెలుగు చేశాను. ‘ప్యూపిల్’ దగ్గర కలం ఆగింది. మొదట ‘తారక’ అని రాశాను. పుస్తకాల్లో ఉన్నదే, తప్పు కాదు. చదివి వినిపిస్తే అమ్మ అడిగింది: “తారకేమిట్రా, కంటిపాప అంటే చాలదూ?” కొట్టేసి పాపే రాశాను.

రాశాక ఆ ఇంగ్లిషు మాట పుట్టుక వెతికాను. అనువాదంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. లాటిన్‌లో ‘పూపా’ అంటే ఆడపిల్ల, ఆటబొమ్మ కూడా. దాన్ని ముద్దు చేస్తే ‘పూపిల్లా’, చిట్టిబొమ్మ. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే ఆ నల్లటి గుండ్రంలో మన రూపమే బుల్లిబొమ్మలా కనబడుతుంది కదా, రోమన్లు దానికి ఆ పేరే పెట్టారు. గ్రీకులు ‘కోరే’ అన్నారు, అంటే అమ్మాయి. ప్లేటో పేరున ఉన్న ‘ఆల్సిబియాడిస్’ సంభాషణలో సోక్రటీసు ఈ ప్రతిబింబం గురించే మాట్లాడతాడు. సంస్కృతంలో ‘కనీనిక’, అదీ చిన్నపిల్లే. మనకు పాప. ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్న పేర్లనుకోను. ఎక్కడి తల్లయినా బిడ్డను ఒళ్లో వేసుకుని కళ్లలోకి చూసే ఉంటుంది.

బడిలో చదివే ప్యూపిల్ కూడా ఈ ఇంటి బిడ్డే. లాటిన్‌లో ‘పూపిల్లుస్’ అంటే తండ్రి పోయి సంరక్షకుడి నీడన పెరిగే పిల్లవాడు. ఇంగ్లిషులోనూ మొదటి అర్థం అదే. విద్యార్థి అన్న అర్థం 16వ శతాబ్దంలో వచ్చింది. కన్నూ, బడీ ఒకే మాటలో ఎలా కలిశాయో ఇంగ్లిషు పిల్లలకు విప్పి చెప్పాలి. మన పిల్లలకు ఆ అవసరం లేదు. పాప పాపగానే ఉంది.

నిజానికి కంటిపాప వస్తువే కాదు, వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం. ఎండలో 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది, చీకట్లో 8 దాకా విచ్చుకుంటుంది. మనకు కనబడే బొమ్మ దాని ముందున్న కార్నియా మీద పడేది. వెనక నలుపు వల్ల తేటగా కనబడుతుంది.

అమ్మ ఆపరేషన్‌కు ముందు పరీక్ష కోసం కంట్లో చుక్కలు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. అరగంటకు పాప బాగా విచ్చుకుంది. చుట్టూ గోధుమరంగు సన్నటి అంచు మాత్రమే మిగిలింది. “ఏమీ ఆనట్లేదురా, అంతా మసక మసకగా ఉంది” అంటూ నా చెయ్యి పట్టుకుంది. వంగి చూశాను. ఆ నలుపులో కిటికీ, కిటికీ ముందు గోరంతైనా లేని నేను.