కంపైలర్ తప్పులు, లింటర్ గొణుగుళ్ళు

1961లో అమెరికాలో ఒక డిక్షనరీ మీద పెద్ద రభస జరిగింది. ఆ పుస్తకం పేరు వెబ్‌స్టర్స్ థర్డ్. నాలుగున్నర లక్షలకి పైగా మాటలున్న మహాగ్రంథం. దాని సంపాదకుడు ఫిలిప్ గోవ్ చేసిన నేరమల్లా, జనం ఇంగ్లీషుని ఎలా వాడుతున్నారో అలా నమోదు చేసి, ‘ఇది మంచి మాట, ఇది మోటు మాట’ అనే ముద్రలు బాగా తగ్గించడమే. న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసి మరీ తిట్టింది. అట్లాంటిక్ పత్రికలో విల్సన్ ఫాలెట్ రాసిన వ్యాసం శీర్షికలోనే ‘విధ్వంసం’ అనే అర్థమొచ్చే మాట ఉంది. అమెరికన్ హెరిటేజ్ అనే ప్రచురణ సంస్థయితే ఆ డిక్షనరీ కంపెనీనే కొనేసి, పుస్తకాన్ని వెనక్కి తీసుకుందామని చూసింది. అది కుదరక 1969లో తనే ఒక డిక్షనరీ వేసింది. ఏ వాడుక ఒప్పో, ఏది తప్పో ఓట్లేసి చెప్పడానికి సుమారు వందమంది రచయితల్నీ, సంపాదకుల్నీ కూర్చోబెట్టింది.

ఈ గొడవలో ఉన్న రెండు పక్షాలకీ ఇంగ్లీషులో నోరు తిరగని పేర్లున్నాయి. సులువు కోసం ‘ఇలాగే రాయాలి’ అనేవాళ్ళని విధాయకులనీ, ‘ఇలా రాస్తున్నారు’ అని చెప్పేవాళ్ళని వర్ణకులనీ అనుకుందాం. రెండు పక్షాల పుస్తకాలూ కొన్ని చదివాను. రెండిట్లోనూ కనపడని మనిషి ఒకడున్నాడని నాకనిపించింది. వాడు ఇంగ్లీషుని అమ్మ దగ్గర కాకుండా బళ్ళో నేర్చుకున్నవాడు. అంటే మనం.

ముందు విధాయకుల పుస్తకాల్లో అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోయినదాన్ని చూద్దాం. కార్నెల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే విలియమ్ స్ట్రంక్ 1918లో తన క్లాసు కోసం ఒక చిన్న పుస్తకం అచ్చువేసుకున్నాడు. ఆయన శిష్యుడు ఇ. బి. వైట్ తర్వాత పెద్ద రచయితయ్యి, గురువు పుస్తకాన్ని సవరించి, పెంచి 1959లో మళ్ళీ వేయించాడు. అదే ‘ద ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’. కోటికి పైగా కాపీలు పోయింది. చదవడానికి హాయిగా ఉంటుంది. అక్కర్లేని మాటలు తీసేయమనే సలహా ఏ భాషలో రాసేవాడికైనా పనికొస్తుంది. డిజైన్ డాక్యుమెంట్లు రాసేవాళ్ళకైతే మరీను.

కానీ ఆ పుస్తకంలో వ్యాకరణం సంగతి వేరు. 2009లో దానికి యాభై ఏళ్ళు నిండినప్పుడు జెఫ్రీ పుల్లమ్ అనే భాషాశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. ఆయన ‘కేంబ్రిడ్జ్ గ్రామర్ ఆఫ్ ద ఇంగ్లిష్ లాంగ్వేజ్’ రాసిన ఇద్దరు ముఖ్యుల్లో ఒకడు. స్ట్రంక్, వైట్‌లు పాసివ్ వాయిస్ వద్దంటూ సరిదిద్ది చూపించిన నాలుగు ఉదాహరణల్లో మూడు అసలు పాసివే కాదని ఆయన తేల్చాడు. జబ్బేదో తెలియకుండా మందు రాసిచ్చినట్టన్నమాట.

‘విచ్’, ‘దట్’ల తగాదా ఇంకా చిత్రం. ఫలానా పుస్తకం అని విడదీసి చెప్పేటప్పుడు ‘దట్’ వాడాలనీ, అదనపు సమాచారం చేర్చేటప్పుడు కామా పెట్టి ‘విచ్’ వాడాలనీ ఒక నియమం ఉంది. హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ 1926లో వేసిన తన వాడుక నిఘంటువులో దీన్ని ‘ఇలా ఉంటే బాగుండును’ అన్న ధోరణిలోనే చెప్పాడు. ఎక్కువమంది రచయితలు గానీ, మంచి రచయితలు గానీ దీన్ని పాటిస్తున్నారనుకోవడం పొరపాటని కూడా ఒప్పుకున్నాడు. ఆ కోరిక వైట్ చేతిలో సలహా అయింది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోకి వచ్చేసరికి మాట కింద వంకర గీత అయింది. ఇంతా చేసి, పెంపుడు పంది చావు మీద వైట్ 1948లో రాసిన ప్రసిద్ధమైన వ్యాసంలో ఆయనే ఆ నియమాన్ని తప్పాడు. ఆ వాక్యం చదివేటప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ కలగదు.

ఈ మాట పట్టుకుని చూపించింది ‘మెరియమ్-వెబ్‌స్టర్స్ డిక్షనరీ ఆఫ్ ఇంగ్లిష్ యూసేజ్’. 1989లో వచ్చింది. వర్ణకుల వైపు నుంచి నాకు తెలిసిన అత్యుత్తమ గ్రంథం ఇదే. దీని పద్ధతి సరళం. ఒక వివాదం తీసుకుంటుంది, ఆ నియమం మొదట ఎవరు చెప్పారో తవ్వుతుంది, అసలు రచయితలు ఎలా రాశారో ఉదాహరణలు వరసగా పెడుతుంది. తీర్పు చివర్లో, అదీ నెమ్మదిగా.

‘లెస్’, ‘ఫ్యూయర్’ల సంగతే చూడండి. లెక్కపెట్టగలిగేవాటికి ‘ఫ్యూయర్’, లెక్కపెట్టలేనివాటికి ‘లెస్’ అని మనందరం బళ్ళో నేర్చుకున్నాం. ఈ నియమం మూలం కోసం వెతికితే 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన రాసిన ఒక వ్యాఖ్య దగ్గర తేలుతుంది. ఆయన కూడా ‘నాకు ఇలా అంటే నయమనిపిస్తుంది’ అన్నాడే గానీ శాసనం చేయలేదు. లెక్కపెట్టగలిగేవాటికి ‘లెస్’ వాడటం ఆల్‌ఫ్రెడ్ రాజు కాలం నుంచీ ఉంది. 888 ప్రాంతంలో ఆయన లాటిన్ నుంచి చేసిన అనువాదంలోనే ఉంది. ఒకాయన అభిరుచి రెండు వందల యాభై ఏళ్ళలో మన పరీక్ష పేపర్లో ఒక మార్కయి కూర్చుంది.

ఇక్కడిదాకా వర్ణకులదే గెలుపు. అయితే ఇది చదివి ‘నియమాలన్నీ ఉత్తవే’ అనుకుంటే మనం మునిగినట్టే. ఎందుకో మా పనిలోంచి ఒక పోలికతో చెప్తాను.

ప్రోగ్రామ్ రాసేటప్పుడు రెండు రకాల ఫిర్యాదులొస్తాయి. ఒకటి కంపైలర్ ఎర్రర్: అది వచ్చిందంటే ప్రోగ్రామ్ నడవదు, వాదించడానికి లేదు. రెండోది లింటర్ వార్నింగ్. లింటర్ అంటే కోడ్ తీరు బాగుందా లేదా అని గొణిగే పరికరం. లైను పొడుగైందనీ, పేరు బాలేదనీ అంటుంది. ప్రోగ్రామ్ మాత్రం నడుస్తుంది. ఏ లింటర్ ఏం గొణగాలన్నది ఆ టీమ్ ఇష్టం.

విధాయకులూ వర్ణకులూ మూడు వందల ఏళ్ళుగా కొట్టుకుంటున్నది దాదాపు మొత్తం లింటర్ వార్నింగుల మీదే. ‘హోప్‌ఫులీ’ని వాక్యం మొదట్లో పెట్టొచ్చా, వాక్యం చివర ‘ఆఫ్’, ‘విత్’ లాంటి మాటలు ఉండొచ్చా, ఒకే మనిషిని ‘దే’ అనొచ్చా. కంపైలర్ ఎర్రర్ల మీద వాళ్ళకి తగాదా లేదు. ఎందుకంటే ఆ తప్పులు వాళ్ళెవరూ చేయరు. ‘ఎ’ ఎక్కడ, ‘ద’ ఎక్కడ, ఏదీ అక్కర్లేనిది ఎక్కడ అన్నది ఆ భాషలో పుట్టిన నాలుగేళ్ళ పిల్లకి కూడా తెలుసు. అలాంటి మాటలే లేని తెలుగులోంచి వెళ్ళిన మనకి ఇంజనీరింగ్ పూర్తయినా తేలదు. కాబట్టి ‘జనం ఎలా వాడితే అదే భాష’ అని వర్ణకుడు అన్నప్పుడు, ఆ ‘జనం’లో మనం ఉన్నామా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఆ మెరియమ్-వెబ్‌స్టర్ గ్రంథం ఎంత ఉదారమైనదైనా, సాక్ష్యాలు పిలిచేది చాలావరకు ఇంగ్లీషు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళనే.

ఇది ఉత్త సిద్ధాంతం కాదు. నేను పనిచేసిన ఒక టీమ్‌లో తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన ఒక జూనియర్ డిజైన్ డాక్యుమెంట్ రాశాడు. రివ్యూ చేసిన సీనియర్ ‘లెస్ దేన్ ఫైవ్ రిట్రైస్’ అన్నచోట ‘లెస్’ కొట్టేసి ‘ఫ్యూయర్’ అని రాసి, పక్కన భాష మెరుగుపరుచుకోమని ఒక చురక అంటించాడు. కానీ ఆ కిందే ‘రీస్టార్ట్ సర్వర్’ అని ఉంది. ‘ఎ సర్వరా’, ‘ద సర్వరా’? అంటే ఉన్నవాటిలో ఏదో ఒకటా, ఇప్పుడు పడిపోయినదేనా? ఆ చిన్న మాట లేకపోవడం వల్ల అర్ధరాత్రి పని ఆగిపోయినప్పుడు చదివేవాడికి ఏం చేయాలో తెలియదు. దాన్ని ఆ సీనియర్ చూడనే లేదు. రివ్యూలో గొణుగుడికి శిక్ష పడింది, అసలు తప్పు జారిపోయింది. ఆ కుర్రాడు మాత్రం తర్వాత కొన్నాళ్ళు మీటింగుల్లో నోరు విప్పలేదు.

ఆ సీనియర్ ఏ తెల్లవాడో కాదని వేరే చెప్పక్కర్లేదు. మన ఇంగ్లీషుని తూచేవాళ్ళు చాలావరకు మనకన్నా రెండు మెట్లు ముందు ఆ నిచ్చెన ఎక్కిన మనవాళ్ళే.

డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 2001లో హార్పర్స్ పత్రికలో రాసిన పెద్ద వ్యాసాన్ని నేను ఇక్కడ నిలబడి చదివాను. పైకి అది బ్రయాన్ గార్నర్ వాడుక నిఘంటువు మీద సమీక్ష. నిజానికి ఈ యుద్ధం మొత్తానికీ ఒక నవలాకారుడు చెప్పిన వ్యాఖ్యానం. అందులో అందరికన్నా నిజాయితీగా ఉన్న చోటు, వాలెస్ తన నల్లజాతి విద్యార్థులకి ఇచ్చే ఉపన్యాసం గురించి చెప్పేది. మీ ఇంటి ఇంగ్లీషు తక్కువది కాదు, కానీ ఈ దేశంలో అధికారం తెల్లవాళ్ళ ఇంగ్లీషులో నడుస్తుంది, అది రాయడం రాకపోతే మిమ్మల్ని ఎవరూ లెక్కచేయరు, కాబట్టి నేర్చుకోండి అంటాడు. కొందరు నొచ్చుకున్నారనీ, ఒకరు ఫిర్యాదు కూడా చేశారనీ ఆయనే రాశాడు.

ఈ వాదనని నేను కొట్టిపారేయలేను. ఉద్యోగం కావాల్సిన పిల్లవాడికి ‘భాషలన్నీ సమానమే నాయనా’ అని చెప్పి పంపడం దయ అనిపించుకోదు. కానీ వాలెస్‌లో ఒక లోపం కనిపిస్తుంది. పన్ను కట్టక తప్పదని విద్యార్థికి చెప్పినవాడు, ఆ పన్నులో ఏ భాగం న్యాయమైనది, ఏది ఉత్త దోపిడీ అని విడదీసి చెప్పడు. తన ఇంట్లో చిన్నప్పటి నుంచి ఆటగా నేర్చుకున్న లింటర్ నియమాల మీద ఆయనకి మమకారం ఎక్కువ. అది నేర్చుకోవడానికి మిగతావాళ్ళ జీవితంలోంచి ఎన్ని గంటలు పోతాయన్న లెక్క ఆ వ్యాసంలో లేదు. తీర్పు చెప్పేవాడిని మారమని ఆయన అడగడు. తీర్పుకి గురయ్యేవాడినే అడుగుతాడు.

ఇది మనకి కొత్త కథ కాదు. గ్రాంథికంలోనే రాయాలని పట్టుబట్టిన పండితులు తామే దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని గిడుగు రామమూర్తి ఉదాహరణలతో సహా చూపించారు. మెరియమ్-వెబ్‌స్టర్ పద్ధతీ అదే. అయితే గిడుగు అక్కడ ఆగలేదు. పండితుల్ని ఓడించడం కన్నా బడిపిల్లల కాలం వృథా కాకపోవడం ఆయనకి ముఖ్యం. ఎవరికీ రాని భాషని పరీక్షల్లో పెడితే నష్టపోయేది ఎవరన్నది ఆయన ప్రశ్న. ఇంగ్లీషు వాడుక తగాదాల్లో ఆ ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.

అలాగని అన్ని లింటర్ నియమాలూ పారేయాలని కాదు. కొన్ని పనికొస్తాయి. మన ఆఫీసుల్లో ‘ప్లీజ్ రివర్ట్’ అంటే జవాబివ్వమని. గిట్ వాడేవాడికి ‘రివర్ట్’ అంటే చేసిన మార్పుని రద్దు చేయమని. ఒకే గదిలో రెండు అర్థాలు తిరుగుతుంటే జవాబు కావాలన్నప్పుడు ‘రిప్లై’ అనడమే క్షేమం. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు 1997లో ‘మస్ట్’, ‘షుడ్’, ‘మే’ అనే మాటలకి కచ్చితమైన అర్థాలు నిర్ణయించుకుంటూ ఆర్ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రం రాసుకున్నారు. ఎవరి ఇంగ్లీషు గొప్పదో తేల్చడానికి కాదు, ఎక్కడెక్కడో కూర్చున్న వేరువేరు మనుషులు రాసే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని. ఆ నియమం ఎందుకుందో అందులోనే రాసి ఉంది. నాకు నచ్చే నియమం అలాంటిది.

ఈ విషయం మీద రెండే పుస్తకాలు కొనుక్కోవాలంటే నేను మెరియమ్-వెబ్‌స్టర్‌నీ, గార్నర్‌నీ పక్కపక్కన పెట్టుకోమంటాను. మొదటిది ఒక నియమం ఎక్కడ పుట్టిందో చెప్తుంది. కానీ ‘రెండూ వాడొచ్చు’ అని వదిలేసిన మాట వల్ల రేపు ఆఫీసులో ఏమవుతుందో చెప్పదు. గార్నర్ విధాయకుడే అయినా, 2009 కూర్పు నుంచి ఒక్కో వాడుకా జనామోదంలో ఐదు మెట్లలో ఎక్కడుందో సూచిస్తున్నాడు. ఏ వార్నింగు ఇంకా ఎవరికి కోపం తెప్పిస్తుందో అక్కడ దొరుకుతుంది. మన బళ్ళలో ఇప్పటికీ తిరుగుతున్న రెన్ అండ్ మార్టిన్‌లో ఈ రెండూ లేవు. కంపైలర్ ఎర్రరూ, లింటర్ గొణుగుడూ ఒకే గొంతుతో వినిపిస్తాయి. మన సీనియర్లు ఏది దేనికన్నా పెద్ద తప్పో తెలియకుండా పెరగడానికి అదొక కారణం.

ఎదుటివాళ్ళ డాక్యుమెంట్ మీద ఎర్ర గీత పెట్టే స్థానంలోకి మనలో చాలామందిమి వచ్చేశాం. ‘లెస్’ దగ్గర ఆగే ముందు, ‘ద’ లేని సర్వర్ ఎక్కడైనా ఉందేమో వెతికితే, ఆ రాసినవాడికీ చదివేవాడికీ మేలు.