పద్దులోని బాలుడు, బడిలోని బాలుడు

పద్దుల చిట్టాయు నొక గ్రంథమే. దానిని వ్రాసినవాడు దేనిని ముఖ్యముగా నెంచెను, దేనిని మఱచెను అను సంగతి కావ్యములోకంటె చిట్టాలోనే తేటగా కానవచ్చును. ఒక పల్లెటూరి పాఠశాలవారు వైకల్యముగల పిల్లలకొఱకు వచ్చిన సొమ్మును, వస్తువులను ఎట్లు వినియోగించిరో తెలుపు పుస్తకమును ఇటీవల మేము చదువుట తటస్థించినది. అందు దొంగలెక్క యొక్కటియు లేదు. రసీదులు వరుసగా గ్రుచ్చబడియున్నవి. ప్రధానోపాధ్యాయుడు నిజాయితీపరుడనుటకు సందేహము లేదు. అయినను పుస్తకమును మూసిన తరువాత మాకు సంతోషము కలుగలేదు. ఆ లెక్కలో వస్తువులున్నవి, తేదీలున్నవి, సంతకములున్నవి. ఆ వస్తువులు ఎవరికొఱకు వచ్చినవో ఆ పిల్లలు మాత్రము లేరు. నేటి మా విమర్శ యీ లోపమును గూర్చియే.

ఈ సొమ్ము ఎక్కడనుండి వచ్చుచున్నదో ముందుగా చెప్పవలెను. వైకల్యముగల పిల్లలను తక్కినవారితోబాటు సాధారణ పాఠశాలలలోనే చదివింపవలెనను పథకమును భారతప్రభుత్వము 1974లో నెలకొల్పినది. సర్వశిక్షా అభియాన్ వచ్చిన పిమ్మట ఒక్కొక్క పిల్లకు సంవత్సరమునకు 1,200 రూపాయలని లెక్క గట్టిరి. అది పోను పోను 3,000 అయినది. 2018-19లో సమగ్రశిక్ష మొదలైనప్పుడు 3,500 చేసిరి. బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున పదినెలల భృతి వేఱుగా కలదు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ వ్యయమున నూటికి 60 వంతులు కేంద్రమును, 40 వంతులు రాష్ట్రమును భరించును. అయితే ఈ 3,500 బాలుని చేతికిచ్చు సొమ్మని చదువరులు తలపరాదు. అది పథకము గీయువారి కొలత. ఇంతమంది పిల్లలున్నారని లెక్కించి, ఆ మొత్తముతో పరీక్షాశిబిరములు, ఉపకరణములు, పుస్తకములు, దారిఖర్చులు, తోడు వచ్చువారి భత్యము, గ్రుడ్డిపిల్లలకు చదివి వినిపించువారి భత్యము, చికిత్స మున్నగునవన్నియు జరుపుదురు. నెలకు పంచిచూచిన తలకు మూడువందల రూపాయలయినను రాదు.

ఇది చాలదని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. కాని చాలని సొమ్ము చేతిలోనున్నవాడు చాలినంత సొమ్మున్నవానికంటె ఎక్కువ జాగ్రత్తతో ఖర్చు పెట్టవలసియున్నది గదా! పేదయిల్లాలు పండుగపూట పట్టుచీర కొని మఱునాడు బియ్యమునకు తడుముకొనదు. మన పాఠశాలలు సరిగా ఆ పనియే చేయుచున్నవి.

మేము చదివిన చిట్టాయొక్క పాఠశాలను పోయి చూచితిమి. వైకల్యముగల పిల్లలు నలుగురు. నడువలేని బాలిక యొకతె, చెవుడుగల బాలుడొకడు, చూపు మందగించిన బాలుడొకడు, మేధోవైకల్యముగల బాలుడొకడు. బాలికకై చక్రాలకుర్చీ వచ్చినది. అది ప్రధానోపాధ్యాయుని గదిలో బీరువాప్రక్కన, ప్లాస్టిక్ తొడుగైనను విప్పక, మడిచిపెట్టబడియున్నది. ఏలనగా తరగతిగది గట్టు ఎత్తు అడుగున్నర. దానికి ర్యాంపు కట్టించిరి గాని, మేము జేనలతో కొలిచి చూడగా దాని పొడవు ఆఱడుగులకు మించలేదు. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెనని నియమము. అనగా అడుగున్నర గట్టుకు పదునెనిమిదడుగులు కావలెను. ఆఱడుగుల ర్యాంపుమీద కుర్చీని త్రోయుట కొండమీదికి బండి నెక్కించినట్లే. దిగునప్పుడు త్రోయువాడును కూర్చున్నదియు కలిసి దొర్లుదురు. ఫొటో తీసి పంపుటకు మాత్రమది చాలును. సిమెంటు, ఇసుక, కూలి యంతయు వ్యయమైనది. చిట్టాలో ర్యాంపు అని వ్రాసినారు. అది అబద్ధమును కాదు, నిజమును కాదు.

చెవిటిబాలుని వినికిడియంత్రము డబ్బాలోనున్నది. ఆ యంత్రమునకు సెల్లు కావలెను. చిన్న సెల్లు వారమో రెండువారములో పనిచేయును. మఱియు పిల్లవాని చెవి పెరుగుచుండును గనుక చెవిలోనిమిడ్చెడి అచ్చును మార్చుచుండవలెను. బిగువు తప్పినయెడల యంత్రము కూయును, పిల్లవాడు తీసి పాఱవేయును. సెల్లులకును అచ్చుకును చిట్టాలో పద్దులేదు. వేలు విలువచేయు యంత్రము పదులలో వచ్చు సెల్లు లేక మూగవోయినది.

ఈ సంగతి ప్రధానోపాధ్యాయునితో ప్రస్తావింపగా ఆయన కోపగింపలేదు. "అయ్యా, తనిఖీకి వచ్చినవారు కుర్చీ వచ్చినదా యని యడుగుదురు. వచ్చినది, చూపుదును. యంత్రము పంచితివా యని యడుగుదురు. పంచితిని, తండ్రి వ్రేలిముద్ర యున్నది. నెలనెల సెల్లులు కొని రసీదులు పెట్టితినా, ఇది యే పద్దుక్రింద వ్రాసితివని నన్ను నిలువదీయుదురు" అనెను. ఈ మాటలో ఆయన దోషము కొంచెమే. వస్తువు ఒకనాడు వచ్చును, దానికి ఫొటోయుండును. వస్తువును నడపు ఖర్చు ప్రతిదినముండును, దానికి ఫొటో లేదు. కాబట్టి మొదటిదానికి చోటు, రెండవదానికి ప్రశ్న!

ఇక నాలుగవ బాలుని సంగతి. వాని పేర చిట్టాలో ఒక పంక్తియైనను లేదు. వానికి కొనవలసిన వస్తువు లేదు గనుక! 1995 నాటి చట్టము ఏడు వైకల్యములను పేర్కొన్నది. 2016 నాటి చట్టము ఇరువదియొకటిని పేర్కొన్నది. క్రొత్తగా చేరినవానిలో అక్షరములు చదువుటలోను వ్రాయుటలోను కలుగు ఇబ్బందియు నొకటి. ఇట్టివానిలో పెక్కింటికి కుర్చీయు యంత్రమును పనికిరావు. కావలసినది మనిషి, ఆ మనిషి కాలము. అట్టముక్కలపై బొమ్మలు గీసి, ఒక్క మాటను ఇరువది దినములు ఓపికతో చెప్పగల ఉపాధ్యాయుడు కావలెను. ప్రాథమిక పాఠశాలలలో ఇట్టి పిల్లలు పదిమందికొక ప్రత్యేకోపాధ్యాయుడును, ఆపై తరగతులలో పదునైదుమందికొకడును ఉండవలెనని సర్వోన్నతన్యాయస్థానము 2021లో నిర్ణయించినది. మన రాష్ట్రములలో భవిత కేంద్రములని మండలములందు నెలకొల్పిరి; అచ్చటి ఉపాధ్యాయులలో నిజముగా శ్రద్ధగలవారిని మేమెఱుగుదుము. కాని కేంద్రము మండలమున నున్నది, బాలుడు పల్లెలోనున్నాడు. నడుమ ఆటోకిరాయి కలదు. ఆ కిరాయి నెలల తరబడి ఆలస్యముగా చేరినచో కూలికిపోవు తల్లి మూడవ వారమునకే బాలుని ఇంట నుంచుకొనును. పాఠశాలకు వచ్చు సాధారణపు గ్రాంటునుండి దారిఖర్చును ముందుగా ఇచ్చి, భత్యము వచ్చినప్పుడు సరిచేసికొను వెసులుబాటును అధికారులు ప్రధానోపాధ్యాయునకు స్పష్టముగా వ్రాసియిచ్చుట మేలు. ఈ యొక్క యుత్తరువు నాలుగు క్రొత్త పరికరములకంటె నెక్కువ పనిచేయును.

ప్రత్యేకోపాధ్యాయుడు వారమునకొకసారి వచ్చిపోవును. తక్కిన దినములన్నియు బాలుడు సాధారణోపాధ్యాయుని యెదుటనే యుండును. కావున ఆయనకు శిక్షణమిచ్చుటకు పెట్టిన రూపాయి ఆ పాఠశాలలో ఆయన యున్నంతకాలము ఫలించును. అయితే శిక్షణ మనగా మండలకార్యాలయమున ఒకపూట ఉపన్యాసము విని, భోజనము చేసి, సంతకముపెట్టి వచ్చుట కాదు. భవిత ఉపాధ్యాయురాలు ఆ తరగతిలోనే కూర్చుండి, ఆ బాలునికే పాఠము చెప్పి చూపుట శిక్షణము.

మందచూపుగల బాలుని సంగతి వేగముగా చెప్పి ముగింతుము, ఏలనగా అది అంత సులభము. ముందు వరుసలో చోటు, వాలుబల్ల, దట్టమైన గీతల పుస్తకము, పాఠమును పెద్దయక్షరములలో జెరాక్సు తీసిన కాగితములు, బోర్డుకు నల్లరంగు. ఇంత స్వల్పపు పనికి శిబిరమెందుకు? పాఠశాల తానే చేసికొనవచ్చును. ఆ పాఠశాలలో చేయలేదు.

కొందఱు మాతో వాదింతురు: ఇట్టి పిల్లలను ప్రత్యేకపాఠశాలలకు పంపి సొమ్మంతయు నొక్కచోట ఖర్చుపెట్టరాదా యని. 1887లో అమృతసరమున అంధులకు పాఠశాల వెలసినది మొదలు ఆ మార్గము మన దేశమున కలదు. దానివలన మేలుపొందినవారెందఱో కలరు. ముఖ్యముగా చెవిటిపిల్లల విషయమున ఈ వాదమును తేలికగా త్రోసివేయలేము. సంజ్ఞాభాష తెలిసినవారు నలుగురు లేనిచోట ఆ బాలుడు బడినిండ పిల్లలున్నను ఏకాకియే. యంత్రమొక్కటి యిచ్చి భాషనిచ్చితిమని తృప్తిపడుట తగదు. 2016 చట్టము ఆఱు మొదలు పదునెనిమిదేండ్లవఱకు గల పిల్లకు ఇరుగుపొరుగు బడినైనను, తాను కోరిన ప్రత్యేకపాఠశాలనైనను ఎన్నుకొను హక్కునిచ్చినది. ఎన్నుకొనవలసినది పిల్లయు తల్లిదండ్రులును. ఊరిబడి తన చేతగానితనమును దాచుకొనుటకు వారిని ప్రత్యేకపాఠశాలకు సాగనంపినచో అది యెన్నిక కాదు, వెళ్లగొట్టుట.

గృహవిద్య విషయమునను ఇదే భయము. తీవ్రవైకల్యము గల పిల్లలు ఇంటనే చదువుకొనవచ్చునని 2012లో విద్యాహక్కు చట్టమును సవరించిరి. అది పిల్లకిచ్చిన సౌకర్యము. కొన్నిచోట్ల అది బడికే సౌకర్యమైనది: పేరు హాజరుపట్టీలో నుండును, పిల్ల మంచముమీద నుండును. 2011 జనాభాలెక్కలలో అయిదు మొదలు పందొమ్మిదేండ్లవఱకు గల వైకల్యముగలవారిలో నూటికి 27 మంది బడిమెట్టు త్రొక్కనేలేదని తేలినది. నాటినుండి పేర్లు చేరియుండవచ్చును. కాని పేరు చేరుట మెట్టు త్రొక్కుట కాదు.

పేరనగా మఱియొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి వీరిని దివ్యాంగులని పిలువవలెనని సూచించిరి. నాటినుండి కార్యాలయముల పలకలు మాఱినవి. పేరు గౌరవముగా నుండుట మాకును సమ్మతమే. ఆఱడుగుల ర్యాంపుక్రింద నిలిచి ఆ పలకను చదువుకొను బాలిక యేమనుకొనునో!

అయిన దీనికి ఉపాయమెక్కడ నున్నదని చదువరు లడుగుదురు. దూరమున లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వపాఠశాలకు యాజమాన్యసంఘముండవలెను. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగమునకు తక్కువగాక స్త్రీలు. వెనుకబాటునకు గురియైన వర్గముల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన చోటు కావలెను. 2012 సవరణముతో వైకల్యముగల పిల్లలును ఆ వర్గములోనే చేరిరి. పాఠశాలాభివృద్ధి ప్రణాళికను వ్రాయవలసినది ఆ సంఘమే. గ్రాంటులకు ఆధారము కావలసినది ఆ ప్రణాళికయే. అనగా ఈ తల్లుల చేతికి చట్టము కలమిచ్చియున్నది. మేము చూచిన పాఠశాలలో ఆ నలుగురి తల్లిదండ్రులలో నొక్కరును సంఘమున లేరు. ఎవ్వరును వద్దనలేదు, ఎవ్వరును రమ్మనలేదు.

మా సూచన యిది. ప్రణాళిక వ్రాయునాడు వస్తువుల పట్టిక ముందుపెట్టుకొనక, పిల్ల దినమును ముందుపెట్టుకొనవలెను. ఈ పిల్ల ఇంటినుండి యెట్లు వచ్చును? గడపయెట్లు దాటును? ఎక్కడ కూర్చుండును? బోర్డు కనబడునా, మాట వినబడునా? మధ్యాహ్నభోజనపు వరుసలో ఎవరిప్రక్కన నుండును? మరుగుదొడ్డికి ఎవరు తీసికొనిపోదురు? ఎక్కడ దినము తెగునో అక్కడ మొదటి రూపాయి పెట్టవలెను. ఆ పైన మిగిలినచో యంత్రములు. ప్రతి వస్తువునకెదురుగా దానిని నడపుటకు నెలకెంతయగునో చిట్టాలో వ్రాయవలెను. ఆ నెలఖర్చు పెట్టలేనిచో వస్తువును పుచ్చుకొనరాదు.

నడువలేని బాలిక తల్లిని మేము సెలవు తీసికొనునప్పుడు కలిసికొంటిమి. ఆమె ప్రతిదినము మధ్యాహ్నము పొలమునుండి బడికి వచ్చి, బిడ్డను ఎత్తుకొని మరుగుదొడ్డికి తీసికొనిపోయి మరల పనికి పోవును; సగముపూట కూలి పోవును. ఆమె రాలేనినాడు బిడ్డ ఉదయమునుండి నీళ్లు త్రాగదు. "అమ్మా, నీ చేతికి సొమ్మిచ్చినచో బిడ్డకై యేమి చేయింతువు?" అని యడిగితిమి. ఆమె ఆలోచింపనైనను లేదు. "ఆ దొడ్డి తలుపు కుర్చీ పట్టేటంత వెడల్పు చేయించి, గోడకు పట్టుకునేందుకు ఒక కమ్మీ వేయించండి బాబూ" అనెను.

ఊరి మేస్త్రీని పిలిచి ఎంతయగునని విచారించితిమి. ర్యాంపునకు పోసిన సిమెంటు ఖరీదులో సగము కాదనెను.