కోట ఎవరిది? కమాను ఎవరిది?

సామర్లకోట జంక్షన్‌లో రైలు దిగి ఊళ్ళోకి వస్తే భీమేశ్వరాలయం కనిపిస్తుంది. పేరులో ఉన్న కోట కనిపించదు. తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడు (892-922) కట్టించిన ఆ రెండంతస్తుల గుడి వెయ్యేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. ఆ రాజు కాపురమున్న ఇల్లు ఎలా ఉండేదో చూపించడానికి మాత్రం ఒక్క గోడ కూడా మిగల్లేదు.

దీనికి కారణం ఉంది. మన దగ్గర దేవుడికి రాయి, రాజుకి కర్ర, ఇటుక, మట్టి. ఎంత గొప్ప రాజైనా చెక్క స్తంభాల మేడలోనే ఉన్నాడు. హంపిలోని రాజుల ఆవరణలో చూడండి. రాతి అరుగులు మిగిలాయి. వాటి మీది మేడలు కాలిపోయాయి, కూలిపోయాయి. అందుచేత దక్షిణాదిలో రాజప్రాసాదాల వాస్తు అని మనం దేన్ని చూస్తున్నామో, అందులో ఎక్కువ భాగం కమాను, గుమ్మటం, గచ్చు మనలోకి వచ్చాక కట్టినదే. ఈ మాట మన చరిత్ర పుస్తకాలు సూటిగా చెప్పవు. మేము అడుగుతున్నది అందుకే.

కమాను అంటే అలంకారం కాదు, లెక్క. రెండు స్తంభాల మీద రాతి దూలం పెడితే అది కొంత దూరమే ఆగుతుంది. దూరం పెరిగితే రాయి వంగదు, విరుగుతుంది. అందుకే పాత మంటపాల నిండా స్తంభాలే. కమానులో రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును రెండు పక్కలా గోడల్లోకి దింపుతాయి. మధ్యలో స్తంభం అక్కర్లేదు. పదిమంది కూర్చునే గది వందమంది పట్టే దర్బారవుతుంది. దీనికి గట్టి గచ్చు కావాలి. సున్నం, ఇసుక గానుగలో ఆడించి, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపే పనితనం కావాలి. ఈ విద్య ఈ దేశంలో బొత్తిగా తెలియనిది కాదు. కానీ విస్తారంగా వాడకంలోకి వచ్చింది సుల్తానుల కాలంలోనే.

విజయనగర రాజులు దాన్ని చూసి ముఖం తిప్పుకోలేదు, తీసుకున్నారు. హంపి లోటస్ మహల్ కమానులు, ఏనుగుశాల మీద వరసగా ఉన్న గుమ్మటాలు, చంద్రగిరి రాజమహల్ ఇవన్నీ హిందూ రాజుల కట్టడాలే. గుడికి దూలం, మేడకి కమాను అని వాళ్ళు వాడుక పెట్టుకున్నారు. సంగమ రాజులు 14వ శతాబ్దంలోనే 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు ధరించారు. సురత్రాణ అంటే సుల్తాన్! బిరుదుకి లేని అంటు గోడకెక్కడిది?

ఇంకో సంగతి. రెండో దేవరాయల దగ్గర కొలువు చేసిన అహ్మద్ ఖాన్ 1439లో హంపిలో ఒక మసీదు కట్టించాడు. దానికి కమాను లేదు, గుమ్మటం లేదు. అచ్చం గుడి మంటపం లాగా స్తంభాలు. శాసనంలో దాన్ని ధర్మశాల అన్నాడు. హిందూ రాజు విలాస భవనానికి కమాను, ముస్లిం సేనాని నమాజుకి మంటపం. ఇందులో ఏది ఎవరి శైలి?

మన పుస్తకాల్లో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు: 'ముస్లిం వాస్తు ప్రభావం కనబడుతుంది' అని. ఆ ప్రభావం అనే మాట మీద మా అభ్యంతరం. సొంత ఇంట్లోకి పక్కింటి పొగ వచ్చినట్టు ఉంటుంది ఆ మాట. హైదరాబాదులో పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి ఫలక్‌నుమా కట్టించాడు. అది ఇటలీ పద్ధతి కట్టడం. దాన్ని ఎవరూ 'క్రైస్తవ ప్రభావం' అనరు. అభిరుచి అంటారు. యూరప్ నుంచి తెచ్చుకుంటే అభిరుచి, తురకల నుంచి తెచ్చుకుంటే ప్రభావం!

సామర్లకోటలోనూ ఇదే తీరు. కంపెనీ వాళ్ళు ఇక్కడ దండు దింపారు, బారకాసులు కట్టారు. 1781 నుంచి పుష్కరకాలం రాక్స్‌బర్గ్ దొర ఇక్కడ మొక్కల మీద పరిశోధన చేశాడు. అదంతా మన ఊరి ఘనతే. మేమూ కాదనం. కానీ అంతకు రెండు వందల ఏళ్ళ ముందే, 16వ శతాబ్దం ద్వితీయార్ధంలో, గోల్కొండ పాలన ఈ గోదావరి ఒడ్డుకి వచ్చింది. ఆ కాలాన్ని మాత్రం పరాయి పాలన అని ఒక్క ముక్కలో దాటేస్తారు. దాటేసినా నాలుక దాటనివ్వదు. ఈ నేలకి ఉత్తర సర్కార్లని పేరు. సర్కారు, జిల్లా, తాలూకా పారసీ దారిలో వచ్చిన మాటలే. పెద్దాపురం, పిఠాపురం రాజులు జమీందార్లు. జమీందారన్నదీ పారసీ మాటే. వాళ్ళ ఇంటిని మన జనం దివాణం అన్నారు. కోటకి బురుజు, గుడ్డలకి దర్జీ, గోడకి గచ్చు. ఈ మాటలు తీసేస్తే మన రాజుల కోట ఎలా ఉందో తెలుగులో చెప్పడమే కష్టం.

మేము ఒక నిజం దాచం. రాజమండ్రి పెద్ద మసీదు మీద 1324 నాటి శాసనం ఉంది. తుగ్లక్ సేనలు వచ్చిన కాలం అది. అక్కడ అంతకు ముందు వేణుగోపాలస్వామి గుడి ఉండేదని స్థానికులు చెబుతారు. గెలిచిన వాళ్ళు గుళ్ళు కూల్చిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. వాటిని సమర్థించే పని మాది కాదు. కానీ గమనించండి. కూల్చిన దానికి మమ్మల్ని వారసుల్ని చేస్తారు. 1992 డిసెంబర్ 6కి ముందూ తర్వాతా ఈ వారసత్వపు లెక్కే కదా మా నెత్తిన పెట్టింది! కట్టిన దానికి మాత్రం వారసత్వం ఇవ్వరు. నిందకి వారసులం, కమానుకి పరాయివాళ్ళం. ఇదేం పంపకం?

మా వాళ్ళతో కూడా మాకు పేచీ ఉంది. చార్మినార్ మాది, గోల్కొండ మాది అని ఛాతీ విరుచుకునే వాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. ఎవరిది? దూది ఏకిన వాడిదా? రిక్షా తొక్కిన వాడిదా? మాలో ఎక్కువమంది నవాబుల మనవలం కాదు. ఇక్కడి కులాల్లోంచి, ఇక్కడి పేదరికంలోంచి వచ్చిన వాళ్ళం. నవాబు దర్బారులో మా తాతలు కూర్చోలేదు, బయట నిలబడ్డారు. ఫలక్‌నుమా 2010 నుంచి ఖరీదైన హోటలు. దాని కొండ కింద బస్తీల్లో ఉండే ముస్లిం అందులో ఒక్క రాత్రి పడుకోగలడా? నవాబు మతం వాడికి గది ఇప్పించలేదు. రాజు మతం పెద్దాపురం రైతుకి శిస్తు తగ్గించనూ లేదు.

అందుకని మేము మహళ్ళలో వాటా అడగడం లేదు. అడుగుతున్నది రెండే. ఒకటి, రాజప్రాసాదాల చరిత్ర రాసేటప్పుడు రాజు పేరుతో పాటు పనివాడి విద్యని కూడా రాయండి. సున్నం ఆడించిన వాడి కులం, కమాను నిలబెట్టిన మేస్త్రీ మతం శిలాశాసనాలు సాధారణంగా చెప్పవు. కానీ వాళ్ళు కలిసి పని చేశారని ఆ గోడే చెబుతోంది. రెండు, పాఠ్యపుస్తకాల్లో ఆ 'ప్రభావం' అన్న మాట తీసేయండి. అయిదారు వందల ఏళ్ళుగా ఇక్కడి ఇసుకతో, ఇక్కడి సున్నంతో, ఇక్కడి చేతులతో కట్టిన కమాను ఇంకా ప్రభావమేనా?

సామర్లకోటలో కోట కనిపించకపోయినా ఊరి పేరులో కోట ఉంది. ఎవరూ ఆ పేరు మార్చమనడం లేదు. తెలుగు వాళ్ళ చరిత్రలో మా సంగతీ అంతే. గోడల మీద మా పేరు కనిపించకపోవచ్చు. మీరు రోజూ మాట్లాడే భాషలో, మీ రాజులు నడిచిన దర్వాజాలో మేమున్నాం. ఆ మాట రాయమంటున్నాం. దయ చూపమనడం లేదు.