బంతి చివర కూర్చున్నవాడు

విస్సన్నపేటలో మా పెదనాన్న పెళ్లిళ్లలో వడ్డనకు నిలబడితే, పప్పు బకెట్టు పట్టుకుని ముందు బంతి చివరకు వెళ్లేవారు. "మొదట్లో కూర్చున్నవాళ్లు అడిగి వేయించుకుంటార్రా, చివర కూర్చున్నవాడు అడగడు" అనేవారు.

ఈమధ్య హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో భోంచేస్తుంటే ఆయనే గుర్తొచ్చారు. 1884లో వికార్-ఉల్-ఉమ్రా మొదలుపెట్టి కట్టించిన మహలు అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. 2010 నుంచి తాజ్ హోటల్. అక్కడ 101 మంది ఒకేసారి కూర్చునే భోజనబల్ల ఉంది, పొడవు 108 అడుగులు! 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఈ మహల్లోనే. గది చూస్తున్నంతసేపూ నా ధ్యాసంతా నూటొకటో కుర్చీ మీదే. మొదటి కుర్చీ ముందు పళ్లెం దిగినప్పుడే అక్కడా దిగాలి, అదే వేడితో దిగాలి. అదీ వడ్డనంటే.

మేం తిన్నది అక్కడి 'అదా' రెస్టారెంటులో. పత్థర్ కా గోష్త్, బిర్యానీ, ఆఖర్న ఖుబానీ కా మీఠా. రుచికి వంక లేదు. కానీ నాకు గుర్తుండిపోయింది వడ్డించిన కుర్రవాడి చూపు. అది మా మొహాల మీద లేదు, పళ్లేల మీద ఉంది. గ్లాసు సగానికి దిగకముందే నీళ్లు పోశాడు. మా ఆవిడకు కారం తగిలిందని గమనించి, అడగకుండానే పెరుగు తెచ్చాడు. పెదనాన్న కూడా అంతే, విస్తరినే చూసేవారు. చాలని చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె నెయ్యి వేసేవారు. ఆ కొసరు మాత్రం ఏ మహల్లోనూ దొరకదు.

వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటేనని సామెత. నాకది నచ్చదు. మనవాడు కాకపోతే చివర కూర్చున్నవాడి గతేమిటి? వడ్డన తెలిసినవాడికి మనవాడూ పరాయివాడూ ఉండకూడదు.

ఇప్పుడు మా వైపు ఫంక్షన్ హాళ్లలో అంతా బఫేనే. మోకాళ్ల నొప్పులతో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డ పెద్దవాళ్లను చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ఈ వేసవిలో పెళ్లి చేసేవాళ్లకు నాదొక మనవి. బఫే పెట్టుకోండి, కాదనను. పెద్దవాళ్ల కోసం ఒక్క బంతి వేయండి. వడ్డనకు మీ పిల్లల్నే నిలబెట్టండి. చివరి విస్తరి నుంచి మొదలుపెట్టమనండి.